మరుగుననున్న రంగు

నెల్లూరు జాతి గొఱ్ఱెలలో మూడు తీరులున్నవి. దొరవారిసత్రం చుట్టుప్రక్కల ఏ కాపరి నడిగినను చెప్పగలడు. తెల్లనిది పల్ల, తెల్లని ఒంటిపై కన్నులచుట్టును మూతివద్దను నల్లమచ్చలున్నది జోడిపి, గోధుమవన్నెది దొర. ఈ వేరుచేయుటయంతయు కంటితోనే జరుగును. కాని కంటికి కనబడు రంగు వేరు, సంతానమునకు పోవు రంగు వేరు. ఐరోపా ఉన్నిగొఱ్ఱెలలో తెల్లని తల్లిదండ్రులకు ఒక్కొక్కప్పుడు నల్లపిల్ల పుట్టుచుండును. ఆ నలుపు ఎక్కడ దాగియుండెను?

బఠాణీ మొక్కలపై తాను చేసిన పరిశోధనలను 1866లో ప్రకటించిన మెండెలు దీనికి సమాధానము చూపెను. ప్రతి లక్షణమునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు జన్యువులు వచ్చును. వానిలో ఒకటి చెడినను రెండవది చాలినంత పనిచేసినచో చెడినది బయటపడదు. అట్టిదానిని అంతర్గత జన్యువందురు. రెండును చెడినవే అయినపుడు మాత్రమే లక్షణము కనబడును.

తెల్లపులుల కథ ఇదే. 1951లో రీవా అడవులలో పట్టుబడిన మోహన్ అను తెల్లపులిని బేగం అను మామూలు పులితో జతకూర్చగా తెల్లపిల్ల ఒక్కటియు పుట్టలేదు. వారి కూతురు రాధతో జతకూర్చినపుడు 1958లో నాలుగు తెల్లపిల్లలు పుట్టినవి. రాధ చూపరులకు మామూలు పులియే. తండ్రీకూతుళ్ళ జతవలన రంగొక్కటే కాదు, మరుగుననున్న ఇతర దోషములును బయటపడు ప్రమాదమున్నది. అది వేరొక కథ.

రాధవంటి జంతువును చూచి పోల్చుకొనుటకు గుర్తేమైన ఉండునా? విదేశములలో కొండచిలువలను పెంచువారికి ఇది డబ్బుతో కూడిన ప్రశ్న. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథన్ భయపడినపుడు బంతివలె చుట్టుకొనును. దానిలో ఒంటిపై పెద్ద పెద్ద తెల్లపట్టీలుగల తీరొకటున్నది. అది అంతర్గత లక్షణము. దానికి మూలమైన జన్యువు, రంగుకణముల పెరుగుదలకు సంబంధించిన టిఎఫ్ఇసి అని 2023లో ప్రకటించిరి.

ఈ జన్యువును ఒక్కటి మాత్రమే మోయు పాము గోధుమ, నలుపు వన్నెలతో మామూలుగానే ఉండును. ఐనను పొట్ట అడుగున, తోక మొదలువద్ద, రైలుపట్టాలవలె రెండు నల్లని గీతలు ప్రక్కప్రక్కన సాగినచో అది మోయునదేయని పెంపకందార్లు చెప్పుదురు. ఇది వట్టి మూఢనమ్మకమని కొట్టివేయ నక్కరలేదు. చెడని జన్యువు ఒక్కటే ఉన్నపుడు పని కొంత కొరవడి, ఎక్కడనో స్వల్పమైన జాడ మిగులుట అసంభవము కాదు.

కాని లెక్క చూడవలెను. మోయు పాములు రెండు జతకూడినచో, సగటున నాలుగు పిల్లలలో ఒకటి పట్టీలది, రెండు మోయునవి, ఒకటి ఏమియు లేనిది. పట్టీలదానిని తీసివేయగా మిగిలిన మూడింట రెండు మోయునవి. మామూలుగా కనబడు పిల్లలు 300 ఉన్నవనుకొందము. 200 మోయునవి, 100 కావు. మోయువానిలో సగమునకు, మోయనివానిలో అయిదవవంతునకు గీతలున్నవనుకొందము. అప్పుడు గీతలున్న 120లో 100 నిజముగా మోయునవి. గుర్తు కొంత పనికివచ్చినట్లే. మిగిలిన 180లో కూడ 100 మోయునవే! గీతలు లేవని వానిని చౌకగా అమ్మినవాడు నష్టపోవును. గీతలను చూచి హెచ్చువెల ఇచ్చినవారిలో ఆరుగురి కొకడు మోసపోవును. అమ్మువాడు అబద్ధము చెప్పనక్కరయే లేదు.

పూర్వపు పరీక్ష ఒకటున్నది. అనుమానముగల పామును పట్టీల పాముతో జతకూర్చవలెను. అది మోయునదైనచో ప్రతి గ్రుడ్డుకును సగము అవకాశము. ఆరు పిల్లలును మామూలువే అగుటకు అవకాశము 64లో ఒక పాలు మాత్రమే. పట్టీలపిల్ల ఒక్కటి వచ్చెనా, సందేహము తీరినది. అయితే ఆడపాము ఈడుకు వచ్చుటకే రెండు మూడేండ్లు పట్టును.

ఇప్పుడంత ఓపిక అక్కరలేదు. పాము విడిచిన కుబుసపు ముక్కను ప్రయోగశాలకు పంపినచో, తెలిసిన జన్యువులను డి.ఎన్.ఎ. పరీక్షతో చదివి చెప్పుదురు. పామును తాకనైనను అక్కరలేదు. మన దేశపు కొండచిలువకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి షెడ్యూలు రక్షణ ఉన్నందున, దానిని పట్టుటగాని ఇంట పెంచుటగాని నేరము.