ఏజెన్సీ అంటే అడవి ఎలా అయింది?

మాది పినపాక. హైదరాబాద్‌లో కొత్తవాళ్లతో "మాది ఏజెన్సీ" అంటే "గ్యాస్ ఏజెన్సీయా, ట్రావెల్సా?" అని అడిగినవాళ్లున్నారు. నిజానికి ఆ మాట పుట్టుక చూస్తే వాళ్లదే కరెక్టు!

దీని మూలం లాటిన్ 'అగెరె'. చేయడం, నడిపించడం అని అర్థం. పశువుల్ని తోలడానికీ అదే మాట. అందులోంచే ఇటాలియన్‌లో 'అజెన్‌త్సియా', ఫ్రెంచ్‌లో 'అజాన్స్', స్పానిష్‌లో 'అహెన్సియా' వచ్చాయి. వార్తల్లో చూసే ఏఎఫ్‌పీలో 'ఏ' ఈ అజాన్సే. అక్కడ అది ఆఫీసు, లేదా ఒకరి తరఫున పని చక్కబెట్టే సంస్థ. వాగుల్లేవు, గుట్టల్లేవు.

మన దగ్గర కథ మారింది 1839లో. గంజాం కొండల్లో గుంసూరు తిరుగుబాటును అణిచాక, మామూలు కోర్టులూ రూల్సూ అక్కడ నడవవని ఇంగ్లీషువాళ్లు తేల్చుకున్నారు. గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను కలెక్టర్ చేతికిచ్చి, ఆయన్ని గవర్నర్ ఏజెంట్‌ని చేస్తూ చట్టం తెచ్చారు. ఏజెంట్ ఏలే చోటు ఏజెన్సీ. అంటే ఈ పేరు అడవిదీ కాదు, కోయలదీ కాదు, ఒక ఆఫీసరు కుర్చీది. నాకైతే ఇది కాస్త కడుపు మండే విషయమే.

ఇంకో తమాషా. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు కింద ఉండేది, ఇవతల మా పినపాక వైపు నిజాం రాజ్యం. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. ఇప్పుడు రెండు ఒడ్డులవాళ్లూ ఏజెన్సీ అనే అంటారు.

రాజ్యాంగం ఐదో షెడ్యూల్‌లో మాత్రం దీని పేరు షెడ్యూల్డ్ ఏరియా. ఆ గీత లోపలా బయటా అన్నదే భూమి దగ్గర అసలు సంగతి. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. తర్వాత 1959 రెగ్యులేషన్, దాన్ని గట్టి చేస్తూ 1970లో సవరణ వచ్చాయి. మనవాళ్లు 1/70 అనేది దాన్నే. దాని ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనులకో, వాళ్ల సహకార సంఘాలకో మాత్రమే అమ్మాలి. అమ్మేది గిరిజనేతరుడైనా ఇదే రూలు. కాబట్టి "అడవి పక్కన చవగ్గా ఎకరం" అని ఎవరైనా ఫోన్లో ఊరిస్తే, ముందు ఆ ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో ఉందేమో చూసుకోండి. గిరిజనేతరులు అక్కడ సాదాబైనామా రాయించుకున్నా, అది చట్టం ముందు చెల్లదు.

ఆంధ్రాలో 2022లో ఒక కొత్త జిల్లా పేరులోకి 'మన్యం' వచ్చింది, పార్వతీపురం మన్యం అని. అడవి సీమకు మన తెలుగులో ఉన్న పాత మాట అది.