భయము వేళ ఊపిరి

వాన మొగము చాటువేసి, అప్పుకు వడ్డీ పెరుగుచుండగా అర్ధరాత్రి మెలకువ వచ్చి గుండె దడదడలాడుట మన పల్లెలలో కొత్త సంగతి కాదు. వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగి, ఛాతీ బిగుసుకొనినప్పుడు ఇంటివారు "గాలి సోకింది" అని బెదరిపోవుదురు. అనేకసార్లు దానికి కారణము ఊపిరి అదుపు తప్పుటయే.

పెద్దవారు సాధారణముగా నిమిషమునకు 12 నుండి 20 సార్లు ఊపిరి తీసుకొందురు. భయము కలుగగానే పైపైన, వేగముగా తీసుకొందుము. అప్పుడు రక్తములోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోవును. తిమ్మిరి, తల తిరుగుట అందువలననే. వాటిని చూచి మరింత భయపడుదుము; ఊపిరి ఇంకను వేగమగును.

దీనిని ఆపు ఉపాయము ఊపిరి విడుచుటలో ఉన్నది. పీల్చునప్పుడు గుండె కొంచెము వేగముగాను, విడుచునప్పుడు కొంచెము నెమ్మదిగాను కొట్టుకొనును. మెదడు నుండి గుండెకు వచ్చు వేగస్ నరము చేయు పని ఇది.

కాబట్టి నిటారుగా కూర్చుండి, చేయి పొట్టమీద ఉంచుకొనుడి. నాలుగు లెక్కించుచు ముక్కుతో పీల్చుడి; పొట్ట పైకి లేవవలెను. ఆరు లెక్కించుచు మెల్లగా విడువుడి. ఇట్లు ఐదు నిమిషములు చాలును. తల తిరిగినయెడల ఆపివేయుడి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 2023లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు ఐదు నిమిషముల చొప్పున నెలరోజులు దీర్ఘముగా నిట్టూర్చుట అభ్యసించిన వారి మనసు తేటపడినట్లు కనబడినది.

"ఇది యోగా కదా, మనము చేయవచ్చునా?" అని సంఘస్థులు కొందరు మమ్మును అడుగుదురు. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పసిబిడ్డ పెద్ద నిట్టూర్పు విడుచును. దానికి ఎవరు నేర్పిరి? ఊపిరి అందరికిని దేవుడిచ్చినదే.

అయితే ఊపిరి అప్పు తీర్చదు. దడ తగ్గినప్పుడు భార్యతో మాట్లాడుటకు, బ్యాంకువారిని గడువు అడుగుటకు ధైర్యము కలుగును. అంతవరకే దాని సాయము. ఛాతీ నొప్పి చేతికి గాని దవడకు గాని ప్రాకి చెమటలు పట్టినయెడల, లెక్కించుచు కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయవలెను. చనిపోవలెనను తలంపు వచ్చినవారు 14416కు చేయవచ్చును. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితము. రాత్రింబగళ్లు తెలుగులో మాట్లాడుదురు.

ఈ రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిల్లిపాదియు కూర్చుండి ఒకసారి అభ్యసింతము. భయము రాకముందే నేర్చుకొనినది భయము వేళ జ్ఞాపకమునకు వచ్చును.