ముప్ఫై రెండు చుట్లు తిరగకపోయినా...

ఒంటికాలి మీద, అదీ మునివేళ్ల మీద నిలబడి, రెండో కాలిని కొరడాలా ఝళిపిస్తూ బొంగరంలా 32 చుట్లు! 1893లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇటలీ నర్తకి పియెరీనా లెన్యానీ ఈ విన్యాసం చేసేసరికి ప్రేక్షకులు నోరెళ్లబెట్టారు. బ్యాలే నేర్చుకుంటున్న ఆడపిల్లలకు ఇక అదే కల. వాళ్లలో అన్నా పావ్లోవా ఒకరు.

ఎనిమిదేళ్లప్పుడు బడికి వెళితే 'చిన్నపిల్ల, మరీ బలహీనంగా ఉంది' అని చేర్చుకోలేదు. 1891లో, పదేళ్లకు గానీ సీటు దొరకలేదు. పుల్లల్లాంటి కాళ్లు, విల్లులా వంగిన పాదాలు... తోటిపిల్లలు 'చీపురు' అని ఏడిపించేవారు. కండపట్టిన ఒళ్లున్న నర్తకులదే రాజ్యమైన రోజులవి. ఈ పిల్లేమో లెన్యానీలా తిరగాలని కిందా మీదా పడేది. అది చూసిన గురువు పావెల్ గెర్ట్ ఓరోజు చెప్పేశారు... ఆ గారడీలు వేరేవాళ్లకు వదిలెయ్యమ్మా, నీ సుకుమారమే నీ బలం అని.

నడిమి ఏళ్లే గండం

1738లో మొదలైన ఆ బడిని ఇప్పుడు వాగనోవా అకాడమీ అంటారు. అక్కడ శాస్త్రీయ శిక్షణ ఎనిమిదేళ్లు. కొత్తగా చేరినవాళ్లు గోడకున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కాళ్లు కదుపుతారు. చివరి ఏళ్లవాళ్లు వేదికకు సిద్ధమవుతుంటారు. చిక్కంతా మధ్యలోనే... పన్నెండు, పధ్నాలుగేళ్ల వయసులో.

ఒళ్లు ఉన్నట్టుండి పొడుగు సాగుతుంది. నిన్న నిలిచిన కాలు ఇవాళ నిలవదు. సరిగ్గా అప్పుడే గిరగిరా తిరిగే 'పిరౌట్'లు, కాలు పైకెత్తి నిదానంగా నిలిపే 'అడాజియో'లు కష్టమవుతూ వస్తాయి. తిరిగితే కళ్లు తిరగవా అంటారా? చూపు ఒకేచోట నిలపాలి. ఒళ్లంతా తిరిగాక తల ఆఖర్న కదులుతుంది, ముందుగా తనే వచ్చేస్తుంది. కిటుకు చెప్పడానికి నిమిషం చాలు, పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఇక మునివేళ్ల మీద నిలబెట్టే బూట్లలో చెక్క ఉంటుందని చాలామంది అనుకుంటారు. అదేం కాదు, గుడ్డ, కాగితం పొరలను జిగురుతో అతికిస్తారంతే. మిగతా భారమంతా పాదానిదీ వెన్నుదీ.

మన కూచిపూడి పిల్లలకు అరమండి ఎలాగో వాళ్లకు పాదాలు పక్కలకు తిప్పి నిలబడటం అలాగ. ఆ తిప్పడం తుంటి కీలు దగ్గర మొదలవ్వాలి. తొందరపడి పాదాలను మాత్రమే తిప్పితే మోకాళ్లకు చేటు. టీవీ చూసి అద్దం ముందు ప్రయోగాలు చేసే పిల్లలున్న అమ్మలూ, కాస్త కనిపెట్టుకుని ఉండండి!

చేతులు ఊరికే ఉండవు

సరే, కాళ్లు చెప్పినట్టు విన్నాయి. అంతమాత్రాన అది నాట్యమవుతుందా? ఈ ప్రశ్న పట్టుకున్నవారు అగ్రిపినా వాగనోవా. అదే బడిలో పావ్లోవా కన్నా రెండేళ్ల ముందు చదువు ముగించారు. 'బాలెరినా' హోదా 1915లో గానీ దక్కలేదు, మరుసటేడే వేదిక దిగిపోయారు. పేరు తెచ్చిపెట్టింది పంతులమ్మ ఉద్యోగమే. ఇటలీవాళ్ల బలాన్ని, ఫ్రెంచివాళ్ల మృదుత్వాన్ని కలిపి పాఠం తయారుచేశారు. ఆమె తరగతిలో చేతులు అలంకారం కాదు, గెంతుకీ చుట్టుకీ ఊతం. భుజం ఓరగా తిప్పడం, తల వాల్చడం అడుగుతో పాటే నేర్పాలి తప్ప అన్నీ వచ్చాక పైన అద్దేది కాదన్నది ఆమె పద్ధతి. ఆ పాఠాలన్నీ 1934లో పుస్తకంగా వచ్చాయి. గలీనా ఉలనోవా ఆమె శిష్యురాలే. 1957లో బడికి వాగనోవా పేరే పెట్టారు.

మళ్లీ పావ్లోవా దగ్గరికొద్దాం. ప్రపంచం ఆమెను గుర్తుపెట్టుకున్నది మిఖాయిల్ ఫోకిన్ కూర్చిన 'మరణిస్తున్న హంస'తో. అందులో 32 చుట్లు లేవు. మునివేళ్ల మీద చిట్టిచిట్టి అడుగులు, రెక్కల్లాంటి చేతులు... కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

అలాగని గురువు మెచ్చిన సుకుమారాన్నే నమ్ముకుని ఆమె కూర్చోలేదు. పేరొచ్చాక కూడా ఇటలీ గురువు ఎన్రికో చెకెట్టి దగ్గర ప్రైవేటు పాఠాలు చెప్పించుకున్నారు. పాదాల వంపు ఇబ్బంది పెడుతుంటే బూట్లలో గట్టి తోలు వేయించుకున్నారు. అది మోసమని గొణిగినవాళ్లూ లేకపోలేదు.

1922లో ఆమె మనదేశం వచ్చి నాట్యం చేశారు. తర్వాత కొన్నేళ్లకు పరిచయమైన రుక్మిణీదేవి బ్యాలే మీద మోజుపడితే, తన బృందంలోని క్లియో నోర్డి చేత పాఠాలు చెప్పించారు. మీ దేశపు నాట్యం వైపు కూడా చూడమని చెప్పిందీ పావ్లోవాయే. రుక్మిణీదేవి 1936లో మద్రాసులో కళాక్షేత్ర స్థాపించారు.