మూడు ముక్కలు... మూడు చెరువుల నీళ్ళు!

నర్సింహులపేట: పత్తి, మిర్చి అమ్మిన డబ్బు రొండిన దోపుకుని, పిల్లాపాపలతో జాతరకు బయలుదేరే రైతు కోసం దారిలో మరొకడు కాచుకుని ఉంటాడు. వాడి చేతిలో కత్తి ఉండదు, కర్ర ఉండదు. ఉండేవి మూడే మూడు పేకముక్కలు!

సంక్రాంతికి ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు. రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి మేడారం. శివరాత్రికి కురవి వీరన్న. మనకు ఇవి మొక్కులు తీర్చుకునే రోజులు. ఊరూరా ముక్కలు తిప్పి బతికేవాడికి మాత్రం ఇలాంటి రోజులే పంచాంగం. జనం ఎక్కడ గుమిగూడితే వాడి మకాం అక్కడికే. జాతర లేనినాడు అంగడి, పశువుల సంత, బస్టాండు.

ఇది తీన్‌పత్తా కాదు. గోనెసంచి మీదనో, తిరగేసిన డబ్బా మీదనో మూడు ముక్కలు బోర్లిస్తాడు. అందులో ఒకటి రాణి. దాన్ని అందరికీ చూపించి, మూడింటినీ అటూ ఇటూ మార్చి పడేస్తాడు. రాణి ఎక్కడుందో చెప్పినవాడికి పందెం సొమ్ము రెట్టింపు. చూడబోతే పసిపిల్లల ఆటే!

కిటుకంతా వేళ్ళలో ఉంది. ఒకే చేతిలో రెండు ముక్కలు పైనొకటి, కిందొకటి పట్టుకుంటాడు. కింద ఉన్నది రాణి అని అందరికీ కనబడుతూనే ఉంటుంది. చెయ్యి విసరగానే ముందు జారేది కింది ముక్కే అనుకుంటాం. వాడు జారవిడిచేది పై ముక్కను. అక్కడి నుంచి మన చూపు తప్పుడు ముక్క వెంటే పోతుంది. ఎంత శ్రద్ధగా చూస్తే అంత గట్టిగా ఓడిపోతాం.

చుట్టూ ఉన్నది జనం కాదు, జట్టు

ముక్కలవాడు ఒంటరిగా రాడు. చుట్టూ నిలబడి పందెం కాసి, నోట్లు లెక్కపెట్టుకుంటూ మురిసిపోయేవాళ్ళలో సగం మంది వాడి మనుషులే. ఒకడు గెలుస్తాడు, ఇంకొకడు కావాలని ఓడతాడు. మరొకడు దూరంగా నిలబడి పోలీసుల రాక కనిపెడుతుంటాడు. సైగ అందిందా, క్షణంలో గోనెసంచి మాయం.

అన్నిటికంటే పెద్ద గాలం మరొకటి ఉంది. ముక్కలవాడు బీడీ ముట్టించుకునే నెపంతో పక్కకు తిరుగుతాడు. ఆ సందులో జట్టువాడొకడు రాణి ముక్క మూల కొంచెం మడిచి, పక్కనున్న కొత్త మనిషికి కన్ను గీటుతాడు. ఇంకేముంది, గుర్తు దొరికిందని ఆ మనిషి ఉన్నదంతా కాస్తాడు. తిప్పి చూస్తే రాణి కాదు! ఆ మడత చదును చేసి, వేరే ముక్కకు అలాంటి మడతే వెయ్యడం కూడా వాడికి వెన్నతో పెట్టిన విద్య.

అమాయకుణ్ణి కాదు, తెలివిగలవాణ్ణి అనుకునేవాణ్ణే ఈ ఆట ముంచుతుంది. దొంగగుర్తు చూసి గెలవబోయినవాడు పోలీసుస్టేషనుకు ఏ మొహం పెట్టుకుని పోతాడు? ఇంటికి వచ్చి జేబు కొట్టేశారని చెబుతాడు. ఆ మౌనమే ముక్కలవాడికి పెట్టుబడి.

అమెరికాలోనూ ఇదే బతుకు

జాతరలు లేని దేశంలోనూ ఇలా తిరిగి బతికినవాళ్ళున్నారు. పచ్చగుడ్డ పరచిన పెద్దబల్ల మీద పొడవాటి కర్రతో బంతులు కొట్టి గుంటల్లో వేసే ఆటను పూల్ అంటారు. మన కేరంబోర్డుకు పెద్దన్న అనుకోవచ్చు. గత శతాబ్దంలో అమెరికాలో కొందరు ఆటగాళ్ళు ఊరూరూ తిరుగుతూ ఈ ఆట మీద పందేలతోనే పొట్టపోసుకున్నారు. వాళ్ళను హస్లర్లు అనేవారు.

ముక్కలవాడు మోసాన్ని దాస్తే, హస్లరు నేర్పును దాస్తాడు. కొత్త ఊళ్ళో దిగి చేతకానివాడిలా ఆడి, చిన్న పందేలు ఓడతాడు. అవతలివాడు ఉబ్బిపోయి పందెం పెంచాక అసలు ఆట బయటికి తీస్తాడు. అప్పుడు కూడా కొద్దితేడాతోనే గెలుస్తాడు. అదృష్టం కొద్దీ గెలిచాడనుకుంటేనే కదా, ఓడినవాడు మళ్ళీ ఆడేది!

పేరు బయటపడితే బేరం పోతుంది. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ 1985లో అమెరికాలో దిగినప్పుడు సీజర్ మొరాలెస్ అనే మారుపేరుతో ఆడాడు. అసలు పేరు అప్పటికే అక్కడి ఆటగాళ్ళ చెవిన పడి ఉండటమే కారణం. తర్వాత ఆయన సొంత పేరుతోనే ఆడి 1999లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అందరికీ ఆ రాత లేదు. 1961లో వచ్చిన 'ది హస్లర్' సినిమాలో ఓడినవాళ్ళు కోపం పట్టలేక కథానాయకుడి బొటనవేళ్ళు విరగ్గొడతారు. దారిబతుకులో ఆ భయం ఎప్పుడూ వెంట ఉండేదే. ఇక్కడి ముక్కలవాడూ అంతే. వచ్చిన సొమ్ము జట్టంతా పంచుకోవాలి. మొహం గుర్తుపట్టేలోగా ఊరు విడవాలి.

జాతర ఇప్పుడు జేబులోనే!

ఇప్పుడు ముక్కలవాడు ఊరూరూ తిరగక్కర్లేదు, సెల్‌ఫోన్‌లోనే ఉంటాడు. ఊరించేందుకు మొదట కొంత గెలిపిస్తాడు. తర్వాత పొలం పాసుబుక్కు తాకట్టు దాకా తీసుకుపోతాడు. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రమూ చట్టం చేసింది. అయినా దొంగచాటు యాప్‌లు వల విసురుతూనే ఉన్నాయి.

చట్టం తన పని తాను చేస్తుంది. ఇంటి పెద్దలు చేయవలసింది మరొకటి ఉంది. పోగొట్టుకుని వచ్చిన కుర్రవాణ్ణి తిట్టి నోరు మూయించకుండా, జరిగింది చెప్పనివ్వాలి. ఫోనులో మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు, జాతరలో మోసపోతే అక్కడి పోలీసులకు చెప్పాలి. సిగ్గుపడి ఊరుకుంటే ఆ గోనెసంచి రేపు పక్క ఊళ్ళో పరుచుకుంటుంది.