ఒకటి కలుపుట – ప్రోగ్రాములలో వృద్ధి గుర్తు

లెక్కపెట్టుట యనగా ఒకటి కలుపుచు పోవుటయే. కళ్ళములో ధాన్యము కొలుచువాడు మొదటి కుంచమునకు ‘లాభము’ అనును. పిమ్మట రెండు, మూడు, నాలుగు అని వరుసగా చెప్పుచు పోవును. ప్రక్కన నిలిచినవాడు కుంచమునకొక బొగ్గుగీత గోడమీద గీయును. కంప్యూటరు చేయు పనులలో చాల భాగము ఇట్టిదే. విద్యార్థుల మార్కులను ఒకరి తరువాత ఒకరివి కూడవలెనన్నను, పేజీలోని అక్షరములను లెక్కింపవలెనన్నను, ఒకే పనిని వేయిసార్లు చేయింపవలెనన్నను, ప్రోగ్రాములో ఎక్కడనో ఒకచోట ‘ఒకటి కలుపుము’ అను ఆజ్ఞ ఉండితీరును. చూచుటకు ఇంతకన్న సులభమైన ఆజ్ఞ లేదు. అయినను దీనిని తగనిచోట వాడినందున ఒక రోగికి ప్రాణాపాయము కలిగిన సందర్భమున్నది. ఈ ఆజ్ఞ ఎట్లు పని చేయునో, ఇందులో జాగ్రత్త పడవలసిన తావులేవో పరిశీలింతము.

పెట్టెలోని సంఖ్య

బీజగణితము చదివిన విద్యార్థికి ప్రోగ్రాముల పుస్తకములో మొట్టమొదట వింతగా తోచునది ‘క = క + 1’ అను వాక్యము. ఏ సంఖ్యయైనను తనకన్న ఒకటి ఎక్కువైన సంఖ్యతో సమానమెట్లగును? బీజగణితములో ఇది అసంభవము. ఇక్కడ ‘=’ గుర్తు ఒక పనిని చేయుమని ఆజ్ఞాపించుచున్నది. చలరాశి యనగా కంప్యూటరు మెమొరీలో పేరు పెట్టిన ఒక పెట్టె యనుకొందము. పై వాక్యమునకు అర్థమిది: క అను పెట్టెలోని సంఖ్యను చదువుము, దానికి ఒకటి కలుపుము, వచ్చిన ఫలితమును మరల అదే పెట్టెలో పెట్టుము. అప్పుడు పాత సంఖ్య చెరిగిపోవును. చదువుట, కలుపుట, పెట్టుట – ఈ మూడు మెట్లను జ్ఞాపకముంచుకొన్నచో, ముందు రాబోవు చిక్కులు చాలవరకు విడిపోవును.

గుర్తు పుట్టుక

ఈ పని అడుగడుగునను అవసరమగుటచే దీనికొక పొట్టి గుర్తు ఏర్పడినది. అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో కెన్ థాంప్సన్ 1969–70 ప్రాంతమున ‘బి’ అను భాషను నిర్మించెను. అందులో ఒకటి కలుపుటకు ‘++’ అనియు, ఒకటి తీసివేయుటకు ‘--’ అనియు గుర్తులను కల్పించెను. ఆయన సహచరుడు డెన్నిస్ రిచీ ఆ భాషనే పెంచి ‘సి’ భాషగా తీర్చెను. సి నుండి ఈ గుర్తు జావా, జావాస్క్రిప్టు మొదలగు అనేక భాషలకు సంక్రమించినది. సి భాషకు తరువాతి మెట్టుగా వచ్చిన భాషకు 1983లో సి++ అని పేరు పెట్టుటలో చమత్కారమిదియే.

పి.డి.పి.-11 అను కంప్యూటరులో చిరునామాను తనంతట తానే పెంచుకొను ఏర్పాటు ఉన్నందుననే ఈ గుర్తు పుట్టినదని చాలమంది చెప్పుదురు. 1993లో ప్రకటించిన సి భాషా చరిత్రలో రిచీ దీనిని ఖండించెను. బి భాష ఏర్పడునాటికి పి.డి.పి.-11 ఇంకను రాలేదు. థాంప్సన్ పని చేసినది అంతకు ముందుదైన పి.డి.పి.-7 మీద. దానిలోను అట్టి ఏర్పాటుగల మెమొరీ గదులు కొన్ని ఉండెడివి. వానిని చూచి ఆయనకు ఈ ఊహ కలిగియుండవచ్చును. కాని ‘++క’ అని వ్రాసినప్పుడు కంప్యూటరుకు తయారగు ఆజ్ఞలు, ‘క = క + 1’ అని వ్రాసినప్పటికంటె పొట్టిగా ఉండుటయే బలమైన కారణమై యుండునని రిచీ అభిప్రాయము. మెమొరీ మిక్కిలి తక్కువగానున్న ఆ రోజులలో అది చిన్న లాభము కాదు.

ముందా, వెనుకా?

ఈ గుర్తును చలరాశికి ముందు పెట్టవచ్చును, వెనుక పెట్టవచ్చును. ‘++క’ అన్నను, ‘క++’ అన్నను పెట్టెలోని సంఖ్య ఒకటి పెరుగుట నిశ్చయము. అట్లయిన భేదమెక్కడ ఉన్నది?

మరల కళ్ళమునకు పోదము. గోడమీద ఐదు గీతలు ఉన్నవి. ఇంకొక కుంచము పడినది. గీత గీయువానిని ‘ఎన్ని?’ అని అడిగితిమి. అతడు ముందు గీత గీసి, తరువాత లెక్కించి చెప్పినచో ‘ఆరు’ అనును. ముందు లెక్క చెప్పి, తరువాత గీత గీసినచో ‘ఐదు’ అనును. రెండు విధములను గోడమీద మిగులునవి ఆరు గీతలే. చెప్పిన మాటలో మాత్రము ఒకటి తేడా.

వృద్ధి గుర్తు కూడ ఇట్లే ఒకేసారి రెండు పనులు చేయును: పెట్టెలోని సంఖ్యను మార్చును, వాక్యములోని మిగిలిన భాగమునకు ఒక విలువను అందించును. క లో 5 ఉండగా ‘చ = ++క’ అన్నచో క 6 అగును, చ కూడ 6 అగును. ‘చ = క++’ అన్నచో క 6 అగును గాని చ లో 5 పడును. అందిన విలువను ఎవరును వాడుకొననప్పుడు, అనగా ‘క++’ అనునదే ఒక పూర్తి వాక్యమైనప్పుడు, రెండింటికిని భేదము లేదు.

భేదము తెలియక పోయిన కలుగు నష్టమునకు ఒక ఉదాహరణము చూడండి. సి, జావా భాషలలో పట్టికలోని మొదటి స్థానము సంఖ్య 0. క లో 0 ఉండగా ‘మార్కులు[క++]’ అన్నచో 0వ స్థానములోని మార్కులు వచ్చును. క తరువాతి స్థానమును చూపుచు సిద్ధముగా నుండును. ‘మార్కులు[++క]’ అన్నచో మొదటనే 1వ స్థానము వచ్చును. జాబితాలో మొదటనున్న విద్యార్థి లెక్కలోనికే రాడు. పైగా చివరను పట్టిక హద్దు దాటి చదువుట సంభవించును.

ఒకే వాక్యములో రెండు మార్పులు

క లో 5 ఉండగా ‘క = క++’ అని వ్రాసిన ఏమగును? జావా భాషలో నియమము స్పష్టము: కుడివైపు పని యంతయు ముందు ముగియవలెను. క++ పాత విలువయైన 5ను చేతికిచ్చి, పెట్టెలో 6 పెట్టును. తరువాత చేతిలోని 5 ఎడమవైపున గల క లో పడుటచే ఆ 6 చెరిగిపోవును. ఈ వాక్యమును వేయిసార్లు నడిపినను క 5గానే నిలిచియుండును. సి భాషా ప్రమాణము ఇట్టి వాక్యమునకు అర్థమే విధింపలేదు. ఒకే పెట్టెను రెండు పనులు మార్చుచున్నవి. వానిలో ఏది ముందో నియమము లేదు. ఒక కంపైలరు 5 ఇచ్చి మరొకటి 6 ఇచ్చినను దేనిని తప్పుపట్టుటకు వీలు లేదు. సి++ లో 2017 ప్రమాణముతో దీనికి జావాలో వంటి క్రమము ఏర్పడినది.

మన ప్రశ్నపత్రములలోను, ఉద్యోగ పరీక్షలలోను ‘క = 5 అయిన క++ + ++క ఎంత?’ అను తరహా ప్రశ్నలు కనబడుచుండును. జావాలో మొదటిది 5 అందించి క ను 6 చేయును, రెండవది దానిని 7 చేసి 7 అందించును, మొత్తము 12. సి భాషలో ఈ ప్రశ్నకు సరియైన జవాబు ‘నిర్ణయము లేదు’ అనునదే. ఈ గందరగోళము వలదని కొన్ని భాషలు ఈ గుర్తు అధికారమును తగ్గించినవి. గో భాషలో క++ ఒంటరి వాక్యముగానే నిలువవలెను. అది ఏ విలువను అందింపదు. స్విఫ్ట్ భాష నుండి 2016లో దీనిని పూర్తిగా తొలగించినారు. పైథాన్‌లో ఇది లేనే లేదు; ‘క += 1’ అని వ్రాయవలెను. అక్కడ ‘++క’ అని వ్రాసిన తప్పు చూపదు గాని, రెండు ధన చిహ్నములుగా మాత్రమే గ్రహించి క ను ఏమియు మార్చదు.

మెట్ల నడుమ మరియొకడు

మొదట చెప్పిన మూడు మెట్లకు ఇంకొక ప్రాముఖ్యము కలదు. నేటి కంప్యూటరులో అనేక పనులు ఏకకాలమున నడుచుచుండును. క లో 100 ఉన్నదనుకొందము. రెండు పనులు ఒకేసారి దానికి ఒక్కొక్కటి కలుపబోయినవి. మొదటిది 100ను చదివినది; అది తిరిగి పెట్టకముందే రెండవదియు 100నే చదివినది. రెండును 101 అని లెక్కకట్టి, రెండును 101నే పెట్టినవి. రావలసినది 102. ఒక లెక్క జాడ లేకుండ పోయినది. ఇట్టి దోషము ఎప్పుడో ఒకసారి గాని తలయెత్తదు గనుక పట్టుట కష్టము. మూడు మెట్లను నడుమ ఎవరును చొరరాని ఒకే చర్యగా జరుపు ప్రత్యేకమైన ఆజ్ఞలు దీనికి మందు. అవి నేటి యంత్రములలోను, జావా వంటి భాషలలోను ఉన్నవి. ఉత్త ‘++’ గుర్తు సాధారణముగా ఆ హామీ ఇయ్యదు.

పెట్టె నిండినప్పుడు

పెట్టెకు పరిమాణమున్నది. ఒక బైటులో ఎనిమిది బిట్లు. వానిలో 0 నుండి 255 వరకు మాత్రమే పట్టును. 255 అనగా ఎనిమిది స్థానములును 1తో నిండియున్నవి. దానికి ఒకటి కలిపిన తొమ్మిదవ స్థానము కావలెను, అది లేదు. మిగిలిన ఎనిమిది స్థానములలో సున్నలే ఉండును. పాత స్కూటరు మీటరులో తొమ్మిదులన్నియు నిండిన తరువాత సున్నలు తిరుగునట్లే ఇదియును. జావాలో 32 బిట్ల పూర్ణాంకము 2,147,483,647 దాటినచో ఋణసంఖ్యయైన −2,147,483,648 అగును.

ఇది పుస్తకములలోని శంక మాత్రమే కాదు. కెనడా ప్రభుత్వసంస్థ అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా తయారు చేసిన థెరాక్-25 అను కిరణచికిత్సా యంత్రము 1985–87 నడుమ ఆరుసార్లు రోగులకు మితిమీరిన కిరణములను ప్రసరింపజేసినది. అందులో చివరిది 1987 జనవరిలో, అమెరికా వాషింగ్టన్ రాష్ట్రమునందలి యాకిమా నగర ఆసుపత్రిలో జరిగినది. యంత్రమును నడిపినది పి.డి.పి.-11 కంప్యూటరు. ముందరి నమూనాలలో ఉండిన విడి రక్షణ పరికరములను ఇందులో తొలగించి, భద్రతా భారమును చాలవరకు ప్రోగ్రాముపైననే ఉంచినారు.

ఆ ప్రోగ్రాములో ఒక బైటు చలరాశి ఉండెను. అందులో సున్న ఉన్నచో ‘అన్నియు సరిగానున్నవి’ అనియు, సున్న కాని సంఖ్య ఏదైన ఉన్నచో ‘యంత్రభాగముల స్థానమును ఇంకను పరీక్షింపవలెను’ అనియు అర్థము. చికిత్సకు సిద్ధపరచునప్పుడు ఒక పరీక్షా భాగము మరల మరల, కొన్ని వందలసార్లు నడుచును. నడిచిన ప్రతిసారియు ఆ చలరాశికి ఒకటి కలుపుచుండును. ప్రతి 256వ సారి పెట్టె పొంగి సున్న అగును. ఆ ఒక్కమారు పరీక్ష తప్పిపోవును. సరిగా ఆ క్షణముననే ఆపరేటరు మీట నొక్కుట తటస్థించినది. కిరణములను అదుపుచేయు భాగము తన స్థానమునకు రాకున్నను యంత్రము దానిని గమనింపక, 25 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో పని ప్రారంభించినది. ఆ రోగి ఏప్రిల్ నెలలో, అధిక కిరణములవలన కలిగిన ఉపద్రవములచే మరణించెను.

తయారీదారులు దీనికి చేసిన సవరణ మిక్కిలి చిన్నది: ఒకటి కలుపుటకు మారుగా, ప్రతిసారి ఆ పెట్టెలో సున్న కాని ఒక నిర్ణీత సంఖ్యను పెట్టుట. ఆలోచించిన, అక్కడ కావలసినది లెక్కయే కాదు; ‘అవును’, ‘కాదు’ అను ఒక గుర్తు మాత్రమే. గుర్తు పెట్టవలసినచోట లెక్కపెట్టుటయే ఆ దోషమునకు మూలము.

కావున ‘++’ వ్రాయునప్పుడు విద్యార్థి తనను తాను నాలుగు ప్రశ్నలు అడుగవలెను. ఇది అందించు విలువ పాతదా, క్రొత్తదా? ఇదే వాక్యములో ఈ పెట్టెను మరియొకటి మార్చుచున్నదా? ఇదే సమయమున వేరొక పని దీనిని తాకుచున్నదా? ఈ పెట్టెలో ఎంతవరకు పట్టును? ఇవి యడుగుటకు ముందు ఇంకొక ప్రశ్న కలదు: ఇక్కడ నిజముగా లెక్క కావలెనా? కావలసినచో, క++ ను ఒంటరి వాక్యముగా వ్రాయుట ఎల్లప్పుడును క్షేమము. ఒక పంక్తి పెరిగినను, చదువువానికి సందేహము తగ్గును.