ఫార్మాట్ చేయించే ముందు: విండోస్‌ను ఉన్నచోటనే బాగుచేసుకొనే విధానం

కంప్యూటరు మొరాయించిందని బళ్ళారికో, గుంతకల్లుకో తీసుకొని వెళ్ళినవారికి అంగడిలో తరచుగా వినిపించే మాట ఒకటే: "ఫార్మాట్ చేయాలి." అనగా, విండోస్ ఉన్న భాగాన్ని పూర్తిగా తుడిచివేసి మళ్ళీ కొత్తగా ఎక్కించడం. అంగడివారికి అది చేయి తిరిగిన పని. నష్టం మాత్రం యజమానిది.

"ఫైళ్ళు తీసి ఇస్తాం లెండి" అని వారు చెప్పడం నిజమే. కాని ఫైళ్ళు మిగిలినంత మాత్రాన అన్నీ మిగిలినట్లు కాదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోనూ, బళ్ళారి మైసూరులోనూ చేరిన నాటినుండి సరిహద్దు కుటుంబాలు రెండు లిపులతో కాపురం చేస్తున్నాయి. ఒకే కంప్యూటరులో బడిపనికి కన్నడ నుడి, బంధువుల శుభలేఖకు తెలుగు అను ఫాంట్లు ఉన్న ఇళ్ళు మనకు కొత్త కావు. ఈ పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్ళు యూనికోడ్ పద్ధతిలో ఉండవు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీదనే తెలుగు, కన్నడ రూపాలను కూర్చిన ఫాంట్లివి. కాబట్టి ఫాంటు పోతే ఫైలు భద్రంగా ఉన్నా, తెర మీద కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంట్ల పాత సీడీ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం ఉండదు!

అందువలన ఫైళ్ళతోపాటు ప్రోగ్రాములు, ఫాంట్లు కూడా నిలిచే మార్గాన్ని ముందుగా ప్రయత్నించాలి.

విండోస్ తెరుచుకుంటూ, పని మాత్రం సరిగా చేయకపోతే మొదట చిన్న మందు చాలు. వెతికే పెట్టెలో కమాండ్ ప్రాంప్ట్ అని కొట్టి, దానిని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ద్వారా తెరవండి. ఎస్, ఎఫ్, సి అనే మూడక్షరాలు, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, దానికి ఆనుకొని స్కాన్‌నౌ అనే మాట ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కండి. పాడైన వ్యవస్థ ఫైళ్ళను విండోస్ తానే వెతికి సరిచేస్తుంది.

అప్పటికీ కుదరకపోతే అసలు వైద్యం. విండోస్ 11 కొత్త కూర్పులలో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ వరుసలో వెళితే 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అని ఉంటుంది. అది ఫైళ్ళను, ప్రోగ్రాములను, సెట్టింగులను ఉంచి విండోస్‌ను మాత్రమే తిరిగి ఎక్కిస్తుంది. దిగుమతి కొన్ని జీబీలు ఉంటుంది కనుక పల్లె సిగ్నలుతో ఓపిక కావాలి.

లేదంటే, పట్టణంలో మంచి నెట్ ఉన్నచోట మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేయించుకోండి. అందులో అంతకుముందున్నవి చెరిగిపోతాయి, ఖాళీదే ఇవ్వండి. ఇంటికి వచ్చి, విండోస్ నడుస్తుండగానే దానిని పెట్టి, లోపలి సెటప్‌ను నొక్కాలి. పెన్‌డ్రైవ్ నుండి యంత్రాన్ని లేపితే ఈ సౌకర్యం దొరకదు. చాలామంది తప్పేది ఇక్కడే. చివరి తెర మీద 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంపికయి ఉండాలి. అది మసకగా ఉండి నొక్కుడు పడకపోతే ముందుకు సాగవద్దు. సాధారణంగా భాష గానీ, హోమ్, ప్రో వంటి రకం గానీ సరిపోలేదని అర్థం. ఇంగ్లీషులోనే అమెరికాది వేరు, అంతర్జాతీయం వేరు.

ఇంట్లో సామాను ఉండగానే దూలం మార్చడం వంటి పని ఇది. నడిమధ్యలో కరెంటు పోరాదు. ల్యాప్‌టాప్ అయితే నిండా ఛార్జి చేసి, ఛార్జరు తగిలించే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. డిస్కులో 20 జీబీలకు పైగా ఖాళీ ఉంచుకుంటే మంచిది. పహణీలు, మార్కుల కార్డులు, పెళ్ళి ఫోటోలు ముందుగా వేరే డ్రైవులోకి ఎక్కించుకోవడం మాత్రం తప్పనిసరి. బిట్‌లాకర్ తాళం ఉన్న యంత్రమైతే దాని రికవరీ కీ కాగితం మీద వ్రాసి పెట్టుకోవాలి.

విండోస్ అసలే తెరుచుకోకపోతే పై విధానం సాగదు. నీలి తెర మీద వచ్చే స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్‌లను ప్రయత్నించాలి. అక్కడే 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' అన్నది కనిపిస్తుంది. పేరు చూసి మోసపోవద్దు. ఫైళ్ళు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ఇక డిస్కే టకటకమని శబ్దం చేస్తుంటే ఏ మరమ్మతూ వద్దు. వెంటనే ఆపివేసి, అందులోనివి బయటికి తీయించడమే పని.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అయినా ఈ మరమ్మతు దానిలోనూ పనిచేస్తుంది. పని ముగిశాక సి డ్రైవులో విండోస్ డాట్ ఓల్డ్ అనే పెద్ద ఫోల్డరు కనిపిస్తుంది. స్థలం తింటున్నదని తొందరపడి తీసివేయవద్దు, అది మీ పాత వ్యవస్థ. నుడి, అను రెండింటిలోని పాత ఫైళ్ళను ఒక్కొక్కటి తెరిచి చూసుకోండి. సాధారణంగా 10 రోజుల తర్వాత విండోసే దానిని తొలగిస్తుంది.