ఈఈజీ రిపోర్టు: కనిపించినది వేరు, కారణం వేరు

కిందటేడు చలికాలంలో షామ్‌బర్గ్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మాట తడబడింది, మగతలోకి జారిపోయింది. ఆస్పత్రిలో ఈఈజీ తీశారు. రిపోర్టులో "జెనరలైజ్డ్ పీరియాడిక్ డిశ్చార్జెస్ విత్ ట్రైఫేజిక్ మార్ఫాలజీ" అని ఉంది. రాత్రి రెండింటికి గూగుల్ చేస్తే ఒకచోట మూర్ఛ అనీ, ఇంకోచోట లివర్ జబ్బు అనీ చూపించింది. విశాఖ నుంచి తమ్ముడు "అన్నయ్యా, అమ్మకి ఫిట్సా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ముందు తేలికైన మాటలు చూద్దాం. ఈఈజీ కొలిచేది తలమీద అతికించిన ఎలక్ట్రోడుల మధ్య వోల్టేజి తేడాని, అదీ మైక్రోవోల్టుల్లో. సెకనుకి 4 లోపు తరంగాలైతే డెల్టా, 4 నుంచి 8 వరకు థీటా, 8 నుంచి 13 వరకు ఆల్ఫా, ఆపైన బీటా. అక్షరాల వరసకీ వేగానికీ పొంతన లేదేమంటారా? మనిషి ఈఈజీని 1929లో మొదట ప్రచురించిన హాన్స్ బెర్గర్ ఆల్ఫా, బీటా అని పేర్లు పెట్టాడు. డెల్టా, థీటాలని తరవాత గ్రే వాల్టర్ చేర్చాడు. మన పాత కోడులో వేరియబుల్ పేర్ల కథే!

ఇవి ఎవరినీ భయపెట్టవు. చిక్కంతా కారణాన్ని కూడా మోసుకొచ్చే పేర్లతోనే. మెదడులో ఒక పక్కనే ఆగి ఆగి వచ్చే తరంగాలని 1964 నుంచి "ప్లెడ్స్" అనేవారు. అందులో "ఈ" అంటే ఎపిలెప్టిఫాం, అంటే మూర్ఛని పోలినది. అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ 2012 నాటి పదావళిలో ఆ మాట తీసేసి, ఉత్త "లేటరలైజ్డ్ పీరియాడిక్ డిశ్చార్జెస్" అంది. 2021లో ఆ పదావళిని మళ్ళీ సవరించారు. పద్ధతి మాత్రం అదే: మొదటి మాట ఎక్కడ కనిపించిందో, రెండోది ఏం కనిపించిందో చెబుతుంది. ఆ తరవాతే విశేషణాలు.

ఇప్పుడు అమ్మ రిపోర్టు చదవండి. జెనరలైజ్డ్ అంటే మెదడుకి రెండు వైపులా. పీరియాడిక్ అంటే ఇంచుమించు సమానమైన వ్యవధితో మళ్ళీ మళ్ళీ. ట్రైఫేజిక్ అంటే గీత మూడు దశల్లో కిందకీ పైకీ ఊగడం. అంతే! ఇలాంటి గీతలు మొదట లివర్ జబ్బులో ప్రసిద్ధికెక్కాయి. కిడ్నీలు దెబ్బతిన్నా, కొన్ని మందులు వికటించినా కూడా వస్తాయి. ఒక్కోసారి మూర్ఛతోనూ ముడిపడి ఉంటాయి.

బగ్ టికెట్‌కి "డేటాబేస్ సమస్య" అని పేరు పెడితే టీమంతా డేటాబేస్‌నే తవ్వుతుంది, తప్పు నెట్‌వర్క్‌లో ఉన్నా సరే. "పేజీ 30 సెకన్లకి గానీ తెరుచుకోవడం లేదు" అని రాస్తే అన్ని దారులూ తెరిచి ఉంటాయి. ఈఈజీ రిపోర్టూ అంతే.

మా డాక్టరుగారు రక్తపరీక్షలు, అమ్మ పరిస్థితి, ఈఈజీ కలిపి చూసి కిడ్నీలే కారణమన్నారు. వైద్యం మొదలైన నాలుగో రోజున అమ్మ మామూలుగా మాట్లాడింది.

మీ చేతికి ఇలాంటి రిపోర్టు వస్తే గూగుల్ కంటే ముందు డాక్టరుని రెండు ప్రశ్నలు అడగండి. ఇందులో ఏం కనిపించింది? దానికి కారణం ఏమనుకుంటున్నారు? రెంటికీ జవాబులు విడివిడిగా వినండి.